గడ్డం నున్నగా రావాలంటే కత్తి కన్నా ముందు నీళ్ళు

ఈ రోజు ఎపిసోడ్ గడ్డం గురించి. పెంచే గడ్డం కాదు, తీసే గడ్డం. కటింగ్ షాపులో కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, కత్తితో చేయించుకునే షేవింగ్ ఉంది చూడండి, అది నిజంగా బాగా రావాలంటే ఏం కావాలి? మంట ఉండకూడదు, రక్తం రాకూడదు, రెండో రోజు మెడ మీద గుల్లలు లేవకూడదు, చెయ్యి పెడితే నున్నగా ఉండాలి. దీనికి ఏం కావాలి?

కర్నూల్లో, కడపలో షాపుల్లో కూర్చుని ఈ ప్రశ్న చాలామందిని అడిగాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ ఒకటే అన్నారు. కత్తి పదునుండాలి, బ్లేడు మంచి కంపెనీది కావాలి అని. కత్తి పట్టుకున్నవాళ్ళు మాత్రం బ్లేడు సంగతి ఆఖర్న ఎత్తారు. వాళ్ళు మొదట మాట్లాడింది నీళ్ళ గురించి. ఆ తర్వాత టైము గురించి. ఈ రెండూ ఎందుకు ముందు వస్తాయో ఇప్పుడు చెప్తాను.

ముందు కత్తి అంటే ఏ కత్తి అనేది తేల్చుకుందాం. మన తాతల కాలంలో ఉన్నది మడత కత్తి. అలుగు మొత్తం ఒకే ముక్క ఉక్కు, పని అయిపోయాక పిడిలోకి మడిచేస్తారు. దాన్ని అప్పుడప్పుడు సానరాయి మీద నూరేవాళ్ళు. గడ్డం మొదలుపెట్టే ముందు తోలు పట్టీ మీద అటూ ఇటూ లాగేవాళ్ళు. ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో సోలింగెన్ ఈ కత్తులకు పేరుపడిన ఊళ్ళు. ఇప్పుడు మన షాపుల్లో ఉండేది చూడటానికి అట్లే ఉంటుంది కానీ లోపల మామూలు బ్లేడును మధ్యకు విరిచి సగం ముక్క పెడతారు. గడ్డం అయిపోయాక ఆ ముక్క పారేస్తారు. 1990ల్లో ఎయిడ్స్ మీద ప్రచారం ఊరూరా జరిగాక కొత్త బ్లేడు అడిగే అలవాటు జనానికి వచ్చింది. పాత కత్తి మెల్లగా పొదిలోనే ఉండిపోయింది. కాబట్టి నేను కత్తి అన్నప్పుడల్లా ఈ సగం బ్లేడు కత్తే అనుకోండి. చేతిపని మాత్రం రెండింటికీ ఒకటే.

ఇంకో మాట. ఈ కత్తికి ముందు కులం పేరు పెట్టి పిలవడం మన దగ్గర పాత అలవాటు. ఆ కులం పేరునే తిట్టుగా వాడటం కూడా అంతే పాత అలవాటు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీ బ్రాహ్మణులను అవమానించే మాటలతో పిలవకూడదని ఉత్తర్వు కూడా ఇచ్చింది. అందుకే నేను కత్తి అని మాత్రమే అంటాను. మనిషిని అన్నా అంటాను. గొంతు మీద కత్తి పెట్టించుకునేటప్పుడు ఆ మాత్రం మర్యాద మనకే మంచిది.

సరే, నీళ్ళ దగ్గరికి వద్దాం.

మన నేల అంతా సున్నపురాయి. బేతంచెర్ల నాపరాళ్ళు, కడప బండలు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఇవన్నీ ఆ రాయి మీద బతికేవే. కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలు చూసుంటారు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. అంత గుహను ఎవరూ తవ్వలేదు. నీళ్ళే సున్నపురాయిని కరిగించుకుంటూ లక్షల ఏళ్ళు పోయాయి. మరి ఆ కరిగిన సున్నం ఎక్కడికి పోతుంది? నీళ్ళలోనే ఉంటుంది. మీ ఇంటి బోరులో వచ్చేది కూడా అట్లా రాయిని తాకి వచ్చిన నీళ్ళే. బకెట్ అంచుకు తెల్లటి చార, గీజరు లోపల పెచ్చు, కుళాయి మూతికి గడ్డకట్టిన తెలుపు, ఇవన్నీ దాని గుర్తులే. మనం ఉప్పునీళ్ళు అని ఒక్క మాటలో అనేస్తాం కానీ సబ్బును చెడగొట్టేది ముఖ్యంగా ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం.

సబ్బు ఈ రెండింటితో కలిస్తే నురగ రాదు. జిడ్డు జిడ్డుగా తెల్లటి తెట్టు కడుతుంది. షేవింగ్ క్రీములో కూడా చాలావరకు ఉండేది సబ్బు రకమే. బోరు నీళ్ళతో బ్రష్ తిప్పితే ముందు నురగ వచ్చినట్టే ఉంటుంది, నిమిషంలో పొడిపొడిగా చచ్చిపోతుంది. నురగ చస్తే కత్తి కింద జారుడు ఉండదు. జారుడు లేకపోతే కత్తి వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా గీక్కుంటూ పోతుంది. షేవింగ్ తర్వాత మంట అని మనం అనేది చాలావరకు ఇదే. పాపం బ్లేడును తిడతాం.

తాగే నీళ్ళకు బీఐఎస్ పెట్టిన లెక్క ఏమిటంటే, మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. ఇది తాగడానికి పెట్టిన లెక్క. నురగకు అయితే 200 కూడా ఎక్కువే. మీ ఇంటి నీళ్ళ సంగతి తెలుసుకోవడానికి ల్యాబుకు పోనక్కర్లేదు. ఒక సీసాలో సగం నీళ్ళు పోసి, చిన్న సబ్బు ముక్క వేసి, మూత పెట్టి బాగా ఊపండి. ఇంకో సీసాలో క్యాన్ నీళ్ళతో అట్లే చేయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కథ మొత్తం కనపడుతుంది.

ఈ రెండు ఊళ్ళను కలిపే కేసీ కెనాల్ ఉంది కదా, పేరులోనే కర్నూలు, కడప ఉన్నాయి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై 300 కిలోమీటర్లకు పైగా వస్తుంది. నది నీళ్ళు సున్నపురాయిలో నానిన బోరు నీళ్ళ కన్నా మామూలుగా మెత్తగా ఉంటాయి. నది నీళ్ళు కుళాయికి వచ్చే వీధిలో షాపుకు, బోరు మీద బతికే వీధిలో షాపుకు అందుకే తేడా. అదే క్రీము, అదే బ్లేడు, అదే చెయ్యి. నురగ వేరు.

దీనికి పరిష్కారం చాలా చిన్నది. దాదాపు ప్రతి షాపులోనూ తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ ఉంటుంది. ప్లాంటులో ఆర్వో చేసిన నీళ్ళు. అందులో కాల్షియం చాలావరకు పోయి ఉంటుంది. స్ప్రే సీసాలో, బ్రష్ ముంచే గిన్నెలో ఆ నీళ్ళు పోస్తే చాలు. ఒక గడ్డానికి గ్లాసు నీళ్ళు కూడా పట్టవు. కడపలో నేను చూసిన ఒక షాపులో అన్న ఇదే పని చేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదంట, వేసవిలో కుళాయి రాని రోజు క్యాన్ నీళ్ళు వాడి, నురగ చూసి, ఇక మానలేదంట. ఇంట్లో చేసుకునేవాళ్ళు కూడా ఇట్లే చేయొచ్చు. కొన్ని క్రీముల డబ్బా మీద ఈడీటీఏ అని రాసి ఉంటుంది. అది కాల్షియంను పట్టుకుని సబ్బు జోలికి పోనివ్వదు. బోరు నీళ్ళు తప్పవంటే అట్లాంటి క్రీము చూసుకోండి.

నీళ్ళు దొరికాయి. ఇప్పుడు టైము.

వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీనుతో తయారైంది. అది నీళ్ళు తాగుతుంది, తాగితే ఉబ్బి మెత్తబడుతుంది. కానీ వెంటనే కాదు, రెండు మూడు నిమిషాలు పడుతుంది. వేడినీళ్ళైతే ఇంకా నయం. వెంట్రుక మీద ఉన్న నూనె జిడ్డు కూడా ఆ వేడికి వదులుతుంది. తిరుమలలో కల్యాణకట్ట గుర్తు తెచ్చుకోండి. మన సీమలో తల నీలాలు ఇవ్వని ఇల్లు తక్కువ. అక్కడ కూర్చోగానే కత్తి పెట్టరు. ముందు తల బాగా తడవాలి. తల మొత్తం సగం బ్లేడుతో నిమిషాల్లో అయిపోతుంది. అంత వేగం కేవలం కత్తి గొప్పతనం కాదు, నీళ్ళు సగం పని ముందే చేసేశాయి.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కడప గాలి ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఫ్యాను తిరుగుతుంటుంది, గాలిలో తేమ ఉండదు. ముఖం మొత్తానికి ఒకేసారి నురగ పెట్టి ఎడమ చెంప నుంచి మొదలుపెడితే, కుడి చెంపకు వచ్చేసరికి అక్కడ నురగ ఆరిపోయి ఉంటుంది. పనితనం తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, ఒక పక్క పూర్తి చేసి, రెండో పక్క మళ్ళీ బ్రష్ తిప్పుతారు. లేదా కుర్చీ మీద ఫ్యాను ఆ పది నిమిషాలు ఆపేస్తారు. మీకు చెమట పట్టినా సరే, ఫ్యాను వేయమని గోల చేయకండి.

ఇప్పుడు బ్లేడు. నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి నాకు బాగా నచ్చిన విషయం ఇది. ఉక్కు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుకలు కోసి కోసి బ్లేడు మొద్దుబారుతుంది. ఎందుకు? అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు దీని మీద పని చేసి 2020లో సైన్స్ పత్రికలో వేశారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపల వెంట్రుకలను బ్లేడుతో కోసి చూశారు. అంచు అరిగి గుండ్రం కావడం కన్నా, అంచు నుంచి సన్నటి పెచ్చులు ఊడిపోవడం ఎక్కువ కనపడింది. వెంట్రుక వంగిపోయి బ్లేడుకు ఏటవాలుగా తగిలితే, ఉక్కు లోపల ఒకచోట గట్టిగా ఒకచోట మెత్తగా ఉన్న జాగా దగ్గర అంచు చిట్లుతుంది. చిట్లిన అంచు తర్వాతి వెంట్రుకను కోయదు, లాగుతుంది.

ఆ పేపరు కటింగ్ షాపుల గురించి రాసింది కాదు. కానీ మనకు పనికొచ్చే సంగతి అందులో ఉంది. బ్లేడు పదును డబ్బాలో వచ్చినంతసేపే. అది మీ ముఖం మీద ఎంతసేపు నిలబడుతుందనేది మీ గడ్డం ఎంత బాగా నానింది, చర్మాన్ని ఎంత బాగా సాగదీశారు అనేదాని మీద ఉంటుంది. టోపాజ్ వేసినా, సెవెన్ ఓ క్లాక్ వేసినా, ఎండు గడ్డం మీద పెడితే రెండూ ఒకటే. పాత కాలం కత్తిని ప్రతిసారీ తోలు పట్టీ మీద లాగింది కూడా అంచును సరి చేసుకోవడానికే. ఇప్పుడు పట్టీ లేదు. దానికి బదులు కొత్త ముక్క.

ఇక చెయ్యి. దీన్ని మాటల్లో చెప్పడం కష్టం కానీ చూస్తే పట్టుకోవచ్చు. మొదటిది, ఎడమ చెయ్యి. కత్తి పట్టుకున్న చెయ్యి కాదు, రెండోది. దాంతో చర్మాన్ని పైకి లాగి పట్టుకుంటేనే వెంట్రుక నిలబడుతుంది. రెండోది, కోణం. కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీలు ఉండాలి. మరీ పడుకోబెడితే లాగుతుంది, నిలబెడితే తెగుతుంది. మూడోది, బరువు. నొక్కకూడదు. చిన్న చిన్న గీతలు, మధ్యలో తుడుచుకోవడం. నాలుగోది, వాలు. చెంప మీద వెంట్రుక కిందికి ఉంటుంది. మెడ దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో తీరు, కొందరికి పక్కకు, కొందరికి సుడి తిరిగి ఉంటుంది. తెలిసినవాళ్ళు సబ్బు పెట్టక ముందే వేళ్ళతో ఒకసారి మెడ అంతా నిమురుతారు. అది మసాజ్ కాదు, వాలు చూసుకుంటున్నారన్నమాట.

మొదటి చుట్టు వాలు ప్రకారం. మళ్ళీ నురగ పెట్టి రెండో చుట్టు అడ్డంగా. చాలామందికి అంతటితో సరిపోతుంది. కానీ మనవాళ్ళకు రివర్స్ కావాలి. రివర్స్ కొట్టకపోతే డబ్బులు దండగ అన్నట్టు చూస్తారు. వాలుకు ఎదురు గీస్తే వెంట్రుక చర్మం లోపలికి తెగుతుంది, ఆ రోజు అద్దంలా ఉంటుంది. మూడో రోజు రింగుల జుట్టు ఉన్నవాళ్ళకు అదే వెంట్రుక చర్మంలోకే తిరిగి పెరిగి గుల్ల లేస్తుంది. చెంప మీద రివర్స్ అడగండి, తప్పులేదు. మెడ మీద గుల్లలు వచ్చేవాళ్ళు అక్కడ వద్దని చెప్పండి.

చివర్లో పటిక. చల్లనీళ్ళతో కడిగాక పటిక రుద్దితే చిన్న చిన్న గాట్ల దగ్గర రక్తం ఆగుతుంది, చర్మం బిగుసుకుంటుంది. పటిక మంచిదే. కానీ అదే రాయి పొద్దుటి నుంచి ఎంతమంది ముఖాల మీద తిరిగిందో చూడండి. బ్లేడు కొత్తది వేశాడా లేదా అని కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తాం, రాయి గురించి ఎవరం అడగం. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతకగలదు. పటికను నీళ్ళలో కరిగించి సీసాలో పెట్టుకుని దూదితో అద్దితే ఈ బాధ లేదు. లేదంటే ఇంటి నుంచి చిన్న ముక్క జేబులో తీసుకుపోండి. షాపు నడిపే అన్నలకు ఇంకో మాట. రోజుకు ఎన్నోసార్లు బ్లేడు విరిచేది మీరే, వేలు తెగేది మీకే. హెపటైటిస్ బికి టీకా ఉంది, పెద్దవాళ్ళు కూడా వేయించుకోవచ్చు. మామూలుగా ఆరు నెలల్లో 3 డోసులు.

ఇంతవరకు చెప్పినదంతా కలిపితే ఒకటే లెక్క తేలుతుంది. నానబెట్టడానికి మూడు నిమిషాలు, రెండు సార్లు నురగ, రెండు చుట్లు, పటిక. తక్కువలో తక్కువ పదిహేను నిమిషాలు. మరి ఆ పదిహేను నిమిషాలకు మనం ఎంత ఇస్తున్నాం?

పాత రోజుల్లో పల్లెల్లో మేర ఉండేది. పంట ఇంటికొచ్చినప్పుడు ఏడాదికి ఇన్ని గింజలని కొలిచి ఇచ్చేవాళ్ళు. ఆ పద్ధతి మంచిదని నేను చెప్పట్లేదు. పిలిచినప్పుడల్లా ఇంటికి రావాలి, బయట అరుగు దగ్గరే కూర్చోవాలి, ఇచ్చినంత తీసుకోవాలి. అయితే అందులో ఒక్కో గడ్డానికి నిమిషాల లెక్క లేదు. ఇప్పుడు తలకింత. గడ్డానికి కటింగ్ కన్నా తక్కువ రేటు. షాపు అద్దె, కరెంటు, కుర్చీ వాయిదా అన్నీ నెల తిరిగేసరికి కట్టాలి. కాబట్టి మీ ముఖం నానుతున్న మూడు నిమిషాలు ఆయనకు నష్టం. ఆదివారం బయట ఆరుగురు ఫోన్లు చూసుకుంటూ కూర్చుని ఉంటే ఏం చేస్తాడు? స్ప్రే రెండు సార్లు కొట్టి కత్తి పెడతాడు. అది చేతకానితనం కాదు, లెక్క.

దానికి తోడు కేజీఎఫ్, పుష్ప తర్వాత కుర్రవాళ్ళంతా గడ్డం పెంచారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. ట్రిమ్మరు వచ్చాక కత్తికి మిగిలింది చెంప మీద లైనింగ్ ఒక్కటే. కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు లైను బ్రహ్మాండంగా వస్తుంది. మెడ మీద సుడి ఉన్న ముసలాయన గడ్డం నిండుగా చేయమంటే లోపల ఉన్న పెద్దాయన్ను పిలుస్తారు. ముసలి చర్మం వదులుగా ఉంటుంది, ఎడమ చెయ్యి తెలియకపోతే కత్తి పెట్టలేరు. ఆ ఎడమ చెయ్యి వీడియో చూస్తే రాదు, నా వీడియో చూసినా రాదు. పక్కన నిలబడి, రోజూ నాలుగు నిండు గడ్డాలు చేస్తే వస్తుంది. చేయించుకునేవాళ్ళు లేకపోతే నేర్చుకునేది ఎవరి ముఖం మీద?

కాబట్టి నేను అడిగేది ఇంతే. నెలకు ఒక్కసారైనా కత్తితో నిండు గడ్డం చేయించుకోండి. మంగళవారం షాపులు మూత, ఆది, సోమవారాలు రద్దీ. బుధవారమో గురువారమో పొద్దున పోండి. కూర్చోగానే అన్నతో చెప్పండి: అన్నా, తొందర లేదు, బాగా నాననీ, క్యాన్ నీళ్ళు వాడు, మెడ మీద రివర్స్ వద్దు, పటిక నా దగ్గరుంది. లేచేటప్పుడు ఆ పదిహేను నిమిషాలకు తగ్గట్టు ఇవ్వండి. చిల్లర ఉంచుకోమనడం వేరు, రేటే సరిగ్గా ఇవ్వడం వేరు. ఇంకో రెండు సార్లు పోతే మీ మెడ వాలు ఆయన వేళ్ళకు గుర్తుండిపోతుంది, మీరు చెప్పనక్కర్లేదు.

ఇది ఈ రోజు ఎపిసోడ్. సీసాలో సబ్బు ఊపి చూసినవాళ్ళు మీ ఊళ్ళో నురగ ఎంత వచ్చిందో నాకు చెప్పండి.